పగ్గం కొస

మంత్రులు దిగిపోయారన్న సంగతి మొగులయ్యకు తెలిసేసరికి అతని చేతిలో ఒక మనిషి ఉన్నాడు. సరిగ్గా చెప్పాలంటే, ఆ మనిషి నడుముకు కట్టిన పగ్గం తాలూకు రెండో కొస మొగులయ్య గుప్పిట్లో ఉంది. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా వానలో, బురదలో, కుంటుతున్న మోకాలిని తిట్టుకుంటూ నడిచి వచ్చి, తాలూకా కచేరీ మెట్ల ముందు నిలబడ్డాడు. ఎవరైనా వచ్చి ఆ కొస అందుకుంటే ఇంటికి పోయి పడుకుందామని అతని ఆశ. ఎంతసేపు నిలబడ్డా ఎవరూ రాలేదు.

మొగులయ్య శామీర్‌పేటకు సేత్‌సింది, అంటే పోలీసు పటేలు చేతికింద ఊరి కావలి. దండోరా వేయాలి, చావడిలో దీపం పెట్టాలి, పటేలు పట్టుకురమ్మన్నవాణ్ని పట్టుకురావాలి, కచేరీకి తోలుకుపొమ్మన్నవాణ్ని తోలుకుపోవాలి. ఈ చాకిరీకి బదులుగా ఎప్పుడో వాళ్ల తాతకు చెరువు కింద ఒక మడి ఇనాంగా ఇచ్చారు. ఆ మడి పండితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కొలువు ఉన్నన్నాళ్లే మడి. కొలువులో తప్పు జరిగిందా, మడి మర్నాడే ఇంకొకడిదవుతుంది.

ఆ కొలువుకు ఒక దస్తూరు ఉంది. ఖైదీని నడుముకు పగ్గం కట్టి తెస్తారు. కచేరీ కావలివాడు ఆ కొసను తన చేతిలోకి తీసుకుంటే ఒప్పజెప్పినట్టు. ఈలోగా కొస నేలకు తాకకూడదు. తాకితే ఖైదీని విడిచినట్టే, విడిచినవాడు ఆ ఖైదీ జాగాలోకి పోవలసిందే. మొగులయ్య నాయిన ప్రాణం పోయేముందు దేవుడి పేరు తలవలేదు గానీ, “కొస కింద పడనియ్యకు బిడ్డా” అని మాత్రం రెండుసార్లు అన్నాడు. అందుకే మొగులయ్య దారిలో ఒంటేలుకు కూర్చున్నా సరే, కొసను పళ్లమధ్య కరిచిపట్టుకుని కూర్చుంటాడు. ఊళ్లో పిల్లలు దీనికి పడిపడి నవ్వుతారు. నవ్వుకోనీ, మడి వాళ్లది కాదు కదా.

ఈసారి పగ్గానికి అవతల ఉన్నవాడు గౌరయ్య. శామీర్‌పేట బెస్తవాడు, కండగలవాడే గానీ నోరు మెత్తన. ఆ ఏడు చెరువులో చేపలు పట్టే హక్కును వేలంలో పాడుకున్న గుత్తేదారు, గౌరయ్య దొంగతనంగా చేపలు పట్టాడని పటేలుతో చెప్పాడు. గౌరయ్య చెప్పేది వేరు. చెరువు నిండి కట్ట పక్కన రాతిగోడ మీదుగా పొర్లిపోయే చోటును మత్తడి అంటారు. ఆ నీళ్లతోపాటు వాగులోకి జారిన చేపలు బెస్తల ఇళ్లవని తాతల నాటి దస్తూరు. చెరువులోవి గుత్తేదారువే, కాదన్నదెవరు? మత్తడి దాటినవి ఎవరివి? గౌరయ్య వాగులో రాళ్ల మధ్య వెదురు తడిక కట్టుకుంటుంటే, ఇంకా ఒక్క చేపైనా పడకముందే పట్టుకున్నారు. పటేలు అటూ ఇటూ చూసి, “తహసీల్దారు సాబే ఫైసలా జేస్తడు, తోలుకపో” అని మొగులయ్యకు చెప్పి చేతులు దులుపుకున్నాడు. 

కచేరీ ముందు పెరట్లో పరంజ్యోతి వాన కొలిచే సీసా ఎత్తి చూస్తున్నాడు. మిషన్ బడిలో చదువుకుని, ఉర్దూ రాత నేర్చి, కచేరీలో గుమాస్తాగా తల నెరిసినవాడు. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లందరికీ అతను పేష్కార్ సాబే.

“పేష్కార్ సాబ్, మనిషిని తెచ్చిన. కొస అందుకొమ్మని ఎవలికన్న జెప్పుండ్రి,” అన్నాడు మొగులయ్య.

“ఎవలికని తెచ్చినవ్?”

“అదేంది సాబ్! సర్కారుకే.”

పరంజ్యోతి సీసాలో నీళ్లు పారబోశాడు. “సర్కారు నిన్న పొద్దుమీకి దిగిపోయింది మొగులయ్యా. పట్నంల మంత్రులందరు రాజీనామా ఇచ్చిన్రట. రేడియోల జెప్పిన్రు. యూనియన్ ఫౌజు పట్నం దగ్గర్కి వచ్చింది.”

మొగులయ్య మంత్రుల్ని ఎన్నడూ చూడలేదు. అతని లెక్కన సర్కారంటే పటేలు, పటేలు మీద తహసీల్దారు, ఆ పైన మబ్బు. ఆ మబ్బులో ఉన్నవాళ్లు దిగిపోతే తన చేతిలో పగ్గానికి వచ్చిన చిక్కేమిటో అతనికి బోధపడలేదు.

“మంత్రులు పోతే పోయిన్రు సాబ్. తహసీల్దారు సాబ్ ఉన్నడు గద?”

“పాతాయన బదిలీ అయి పోయిండు. కొత్తాయన్ని పంపాలంటే పైన దస్కతు గావాలె. పైన ఎవలున్నరు?”

“హవాలాతు కొట్టుకు కావలి ఉన్నడు గద?”

“జమాదారు తాళంచెవి జేబుల వేసుకొని పోయిండు. ఏడికి పోయిండో తెల్వది.”

మొగులయ్య ఆలోచించాడు. ఆలోచించడం అతనికి మోకాలి నొప్పి కంటే కష్టం. “అయితే గీ పిలగాన్ని ఇడిసిపెట్టి పోనా?”

“ఇడిసిపెట్టుడు కొత్త హుకుం. కొత్త హుకుం ఇచ్చేటోడు లేడు.”

“లోపలన్న ఎయ్యిరి.”

“లోపల ఏసుడు గూడ కొత్తదే. పైనుంచి ఎవలన్న వచ్చేదాక పాత పనులు నడిపియ్యాలె, కొత్తయి షురూ జెయ్యొద్దు. ఎన్కట ఒకపారి దివాన్ మారినప్పుడు గూడ గిట్లనే నడిపిన్రు.”

“మరి పాత పని ఏంది సాబ్ ఇందుల?”

పరంజ్యోతి అతని గుప్పిటవైపు చూశాడు. ఆ చూపులో వేళాకోళం లేదు. “నువ్వు పట్టుకొని ఉండుడు,” అన్నాడు.

గౌరయ్య ముందుకు వచ్చి చేతులు జోడించి, “సాబ్, సెర్వు నిండనీకొచ్చింది. నన్ను కొట్టుండ్రి, జుర్మానా ఎయ్యిండ్రి, ఏదన్న ఒకటి జల్ది జెయ్యిండ్రి. మత్తడి దుంకె యాళ్లకు ఇంటికాడుండాలె,” అన్నాడు.

“నేను ఫైసలా జేసేటోన్ని గాదు నాయినా,” అన్నాడు పరంజ్యోతి. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం కూడా చిన్నబోయింది.

*

మళ్లీ అదే బురద, అదే దారి. అత్వెల్లి చేల మీదుగా అడ్డంపడి వస్తుంటే వాన ఇంకా బలంగా పట్టుకుంది. గౌరయ్య వానను చూసి సంతోషించాలో ఏడవాలో తెలియక నడుస్తున్నాడు. నిరుడు చెరువు నిండలేదు, మత్తడి పారలేదు. మత్తడి పారే ఆ నాలుగు రోజుల్లో పట్టిన చేపల్ని ఎండబెట్టి దాచుకుంటేనే బెస్త ఇళ్లు ఎండాకాలం గడుస్తాయి. నిరుడు గౌరయ్య భార్య జంగమ్మ ఊరూరా తిరిగి కలుపులు తీసింది, ఆ తిరుగుడులోనే కడుపులో బిడ్డను పోగొట్టుకుంది. ఈ ముక్క గౌరయ్య చెప్పలేదు. ఊరందరికీ తెలిసిందే, మొగులయ్యకూ తెలుసు. తెలిసినా చేయగలిగింది లేనప్పుడు ఆ తెలియడం ఒక బరువు.

శామీర్‌పేట చేరేసరికి పటేలు ఇంటికి తాళం పడి ఉంది. పెళ్లాంబిడ్డల్ని బండిలో వేసుకుని ఎటో చుట్టాల ఊరికి పోయాడట. దాంతో పైనుంచి కిందిదాకా అంతా ఖాళీ అయి, సర్కారంటూ ఒక్క మొగులయ్య మిగిలాడు. అతనికీ వెళ్లిపోవాలనే ఉంది. వెళ్లడానికి వేరే ఊరు లేదు.

ఇంటి ముందు ఇద్దర్నీ చూసి అతని భార్య ఐలమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. “తోలుకపోయినోన్ని మల్ల తోలుకొచ్చినవేంది?”

“తీస్కునేటోడు లేడు.”

“అయితే ఇంటికి పోనియ్యి.”

“పొమ్మనేటోడు గూడ లేడు.”

“మరి బువ్వ ఎవలు పెడ్తరు?”

దానికి జవాబు ఆమెకూ తెలుసు. గొణుక్కుంటూనే లోపలికి పోయి ఇంకో గిన్నె తెచ్చింది. అంబలి మరింత పలచనైంది, అంతే.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే విసుగొస్తుంది, అనుభవించినవాళ్లకు ఇంకెంత వచ్చిందో. మొగులయ్య ఎక్కడికి పోతే గౌరయ్య అక్కడికి. మొగులయ్య చావడి ఊడిస్తే గౌరయ్య పక్కన నిలబడాలి. మొగులయ్య డప్పు పట్టుకుని వాడలో నడిస్తే గౌరయ్య వెనకాల నడవాలి. రెండు చేతులూ డప్పుకే కావాలి కాబట్టి అప్పుడు కొస పళ్లలోకి పోతుంది. దండోరా కేకలు వేయడమెట్లా? చివరికి మొగులయ్య డప్పు కొడితే, పటేలు పోకముందు చాటమన్న మాటే “ఎవలు ఊరిడిసి పోవొద్దహో!” అని గౌరయ్యే కేక వేసేవాడు. గొంతు బాగుందని ముసలమ్మలు మెచ్చుకున్నారు. “ఖైదీ ఎవలు, కావలి ఎవలు?” అని కల్లు దుకాణం దగ్గర ఒకటే నవ్వులు. 

పడుకునేటప్పుడు కొసను మణికట్టుకు చుట్టుకునేవాడు. గౌరయ్య అటు పొర్లితే ఇటు మెలకువ వచ్చేది. నిద్ర లేక మొగులయ్య కళ్లు చింతనిప్పులయ్యాయి. అయినా పొద్దుగూకగానే లేచి, తాళం పడిన పటేలు ఇంటి పక్కన, ఖాళీ చావడిలో దీపం పెట్టివచ్చేవాడు.

“ఎవలున్నరని పెడుతున్నవ్ దీపం? నూనె దండుగ,” అంది ఐలమ్మ ఒకరోజు.

“పెట్టొద్దని ఎవలు జెప్పలె,” అన్నాడు మొగులయ్య.

అంతకు మించి అతని దగ్గర కారణం లేదు. నిజానికి అది కారణం కూడా కాదు. కానీ ఒకటి మానేస్తే రెండోది ఎందుకు చేయాలి, రెండోది మానేస్తే మూడోది ఎందుకు చేయాలి, అట్లా పోతే చివరికి తానెవరు? ఈ ప్రశ్న అతనికి మాటల్లో రాలేదు. పొద్దుగూకితే మాత్రం ఇంట్లో కాలు నిలిచేది కాదు. అందుకే దీపం పెట్టడానికి పోయేవాడు.

మధ్యలో ఒకసారి మళ్లీ మేడ్చల్ పోయివచ్చారు ఇద్దరూ. పరంజ్యోతి అప్పుడూ వాన కొలుస్తున్నాడు. పట్నంలో ఫౌజు దొర కూర్చున్నాడట, బొల్లారంలో అంతా మిలిటరీయేనట, తాలూకాల దాకా మాత్రం ఇంకా ఎవరూ రాలేదట. ముగ్గురూ కచేరీ అరుగు మీద కూర్చున్నారు. పరంజ్యోతి తన సద్దిలోంచి చెరో ముద్ద పెట్టాడు. కొస ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో తిన్నాడు మొగులయ్య.

*

ఒకరోజు తెల్లవారగానే జంగమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. మోకాళ్ల దాకా తడిసి ఉంది, అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి.

“మత్తడి దుంకుతాంది!” అంది మొగుడితో. “నేనొక్కదాన్నే తడిక కట్టబోయిన, ఆగుతలేదు. శాపలు మస్తుగ పోతున్నయ్, నా కండ్ల ముందలికెల్లి పోతున్నయ్.” అప్పుడు మొగులయ్య వైపు తిరిగింది. “మామా, నీ కాల్మొక్త. ఒక్క పూట ఇడువు. పొద్దుమీకల్లా నేనే తోలుకొచ్చి నీ చేతుల పెడ్త.”

మొగులయ్య తల అడ్డంగా ఊపాడు. ఊపుతున్నప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది. మడి కళ్లముందు కనిపించింది, నాయిన ముఖం కనిపించింది. గౌరయ్య బతిమాలలేదు. గోడకు తల ఆనించి, చెరువు దిక్కు నుంచి వస్తున్న నీళ్ల హోరు వింటూ కళ్లు మూసుకున్నాడు. బతిమాలి ఉంటే కసురుకోవడానికైనా వీలుండేది.

ఐలమ్మ గుమ్మంలోంచి అంది. “ఇడువుమని ఎవలన్నరు? పగ్గంతోనే తోలుకపో. వాడు నీళ్లల్ల శాపలు పట్టుకుంటడు, నువ్వు ఒడ్డు మీద వాన్ని పట్టుకో. ఆడు నీ చేతులనే ఉన్నట్టు గద.”

ఇంత సులువైన మాట ఇన్ని రోజులూ తన బుర్రకు ఎందుకు తట్టలేదో మొగులయ్యకు అర్థం కాలేదు. పగ్గం పొడుగు చాలదని ఐలమ్మే బావి చేంతాడు విప్పితెచ్చి దానికి ముడివేసింది. “మల్ల తెచ్చియ్యిండ్రి. నీళ్లకు ఇదొక్కటే ఉన్నది,” అని మరీ మరీ చెప్పింది.

మత్తడి ఆ రోజు మత్తడిలా లేదు. రాతిగోడ పొడుగునా నీళ్లు తెల్లగా దూకుతున్నాయి. పక్కన మాట్లాడితే వినపడడం లేదు. మొగులయ్య వాగు ఒడ్డున చదును రాయి మీద కాళ్లు తన్నిపెట్టి నిలబడి, చేంతాడు కొసను రెండుసార్లు చేతికి చుట్టుకున్నాడు. గౌరయ్య నీళ్లలోకి దిగాడు. ఇన్నాళ్లూ పగ్గం వెనక తల వంచుకుని నడిచినవాడేనా ఇతను! రెండు బండల సందున తడిక నిలబెట్టి, భుజంతో ఆనించి, రాళ్లు పేర్చి బిగించాడు. కాసేపట్లో తడిక వెనక నీళ్లు గలగలమన్నాయి. కొర్రమట్టలు, బొచ్చెలు, పేర్లు తెలియనివి ఇంకెన్నో. గౌరయ్య తీసి విసురుతుంటే జంగమ్మ ఒడ్డున బుట్టలో వేసుకుంటోంది. నవ్వుతోంది కూడా. ఆ నవ్వు చూసి మొగులయ్యకు చాలా రోజుల తర్వాత మనసు కుదుటపడింది.

బుట్ట నిండబోతుండగా పైనుంచి ఇంకో వరద వచ్చింది. ఎక్కడో ఎగువన వాన దంచి ఉంటుంది. తడిక ఒక పక్క లేచిపోయింది. అది కొట్టుకుపోకుండా పట్టుకోబోయి గౌరయ్య జారి, నడి వాగులో పడ్డాడు. తాడు ఒక్కసారి బిగిసింది. మొగులయ్య ముందుకు తూలి, రాతికి మడమలు తన్నిపెట్టి నిలదొక్కుకున్నాడు.

గౌరయ్య చేపపిల్లలా ఈదగలవాడు. వదిలేస్తే నీళ్లతోపాటు పోయి దిగువన ఎక్కడో ఒడ్డెక్కుతాడు. కానీ నడుము దగ్గర తాడు వెనక్కి లాగి పట్టింది, నీళ్లు తల మీదుగా పోతున్నాయి. ఒకసారి తల పైకి వచ్చింది.

“ఇడువు మామా!”

మళ్లీ మునిగింది. మొగులయ్యకు వినపడింది. అర్థమైంది కూడా. అయినా అతని పిడికిలి తెరుచుకోలేదు. వదలాలని మనసు అంటోంది, వేళ్లు మాత్రం ఇంకా బిగుసుకుంటున్నాయి. ముప్పై ఏళ్లుగా పట్టుకోవడం తప్ప వాటికి ఇంకో పని తెలియదు. జంగమ్మ బుట్ట వదిలేసి వచ్చి అతని చెయ్యి పట్టుకుని గీరింది, కొరికింది. “సచ్చిపోతడు మామా! సంపుతున్నవ్, నువ్వే సంపుతున్నవ్!”

ఆ మాటకు మొగులయ్య పెద్దగా అరిచాడు. ఏమని అరిచాడో అతనికే తెలియదు. చేతికి చుట్టుకున్న తాడు చర్మాన్ని ఒలుచుకుంటూ జారిపోయింది. కొస రాతి మీద పడి, నీళ్లలోకి పాకి, కనపడకుండా పోయింది.

చాలాసేపటికి దిగువన అవతలి ఒడ్డు మీద గౌరయ్య పైకి వచ్చాడు. మోచేతుల మీద పాకి, నీళ్లు కక్కుకుని, కూర్చున్నాడు. మధ్యన వాగు ఉంది, దాటే వీలు లేదు. అవతల ఇంకో ఊరి జొన్నచేలు. ఇటు ఒకసారి చూసి, లేచి, నెమ్మదిగా ఆ చేలల్లోకి నడిచిపోయాడు.

జంగమ్మ భయంగా మొగులయ్య ముఖంలోకి చూసింది. తనను ఏమైనా చేస్తాడేమోనని ఆమె భయం. మొగులయ్య రాయి మీద కూలబడి ఖాళీ అయిన తన అరచేతిని చూసుకుంటున్నాడు.

“శాపలు ఇంటికి తీస్కపో బిడ్డా, పాడైతయ్,” అన్నాడు.

*

“బతికిండా?” అని మాత్రమే అడిగింది ఐలమ్మ, ఒట్టి చేతులతో వచ్చిన మొగుణ్ని చూసి.

“బతికిండు. పోయిండు.”

“బతికిండు గద, గదే సాలు,” అంది. కాసేపటికి మడి సంగతి గుర్తొచ్చి, పొయ్యి ముందు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈసారి వరి పొట్టకొచ్చి ఉంది.

మర్నాడు మొగులయ్య ఒక్కడే మేడ్చల్ బయల్దేరాడు. పగ్గం లేకుండా నడుస్తుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దారిలో మిలిటరీ లారీలు నీళ్లు చిమ్ముకుంటూ పోయాయి, అతనివైపు ఎవరూ చూడలేదు. కచేరీ పెరట్లో పరంజ్యోతి సీసా ముందు వంగి ఉన్నాడు.

“సాబ్, కొస కింద పడ్డది. మనిషి పోయిండు. నన్ను లోపలెయ్యిరి,” అన్నాడు మొగులయ్య.

జరిగిందంతా విని పరంజ్యోతి సీసా వదిలి నిటారుగా నిలబడ్డాడు. “ఖైదీని సేత్‌సింది తోలుకరావాలె గద. నిన్ను ఎవలు తోలుకొచ్చిన్రు?” అన్నాడు.

“నేనే అచ్చిన.”

“అంటె సేత్‌సింది ఎవలు?”

“నేనే.”

“ఖైదీ?”

“నేనే సాబ్.”

పరంజ్యోతికి నవ్వొచ్చింది. ఆపుకోలేక అరుగు మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. అందులో సంతోషమేమీ లేదు. నవ్వు ఆగాక తువాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“నిన్ను తీస్కునుడు గూడ కొత్త పనే. తాళంచెవి ఇంకా రాలే. కొత్త అధికారి వచ్చేదాక నా లెక్కల ఆ ఖైదీ నీ దగ్గర్నే ఉన్నడు, మడి నీదే. ఆయనొచ్చి పిలగాన్ని చూపియ్యి అన్ననాడు చూపియ్యాలె. లేకుంటే మడి పోతది, నువ్వు పోతవ్. గంతదాక నిన్ను నువ్వే కావలి గాసుకో.” సీసావైపు చూపించాడు. “నేను రోజు గీ నీళ్లు కొలిచి పట్నం పంపుతున్న. సదివేటోడున్నడో లేడో తెల్వది.”

“మరి కొలుసుడు బందు జెయ్యరాదు సాబ్?”

“బందు జెయ్యమని ఎవలు జెప్పలె,” అన్నాడు పరంజ్యోతి.

మొగులయ్య అతని ముఖంలోకి చూశాడు. ఇద్దరికిద్దరూ అలసిపోయిన ముసలివాళ్లు. మొగులయ్య దండం పెట్టి వెనుదిరిగాడు.

పొద్దువాలుతుండగా ఇల్లు చేరాడు. అరుగు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. దగ్గరికి వచ్చాక గుర్తుపట్టి, ఉన్నచోటే నిలబడిపోయాడు. గౌరయ్య. నడుముకు పగ్గం అట్లాగే ఉంది, చేంతాడు ముడితో సహా. తాడంతా చుట్టగా భుజాన వేసుకుని, కొసను తన గుప్పిట్లోనే పట్టుకుని ఉన్నాడు. పక్కన తడిబుట్టలో నాలుగు కొర్రమట్టలు.

“అటు దిక్కు అక్క ఇంట్ల పన్న. పొద్దుగాల వాగు తగ్గినంక ఇటు దాటి, జంగమ్మ, నేను తడిక కట్టుకున్నం,” అన్నాడు గౌరయ్య. “ఇగ మత్తడి జోరు తగ్గింది. ఈ ఏడు ఎల్లుతది మామా. నా పని అయింది.” లేచి నిలబడి గుప్పిట ముందుకు చాచాడు. “నీళ్లల్ల ఏమైందో నాకు తెల్వది. ఒడ్డెక్కినంక మాత్రం కింద పడనియ్యలె. పట్టుకో.”

మొగులయ్య ఆ కొసను చూశాడు. చెయ్యి చాస్తే చాలు. గుప్పిట మూస్తే మడి దక్కుతుంది, కొలువు దక్కుతుంది, రేపు ఏ అధికారి వచ్చినా ఇదిగో మనిషి అని చూపించవచ్చు. గుమ్మంలోంచి ఐలమ్మ చూస్తోంది. అతను చెయ్యి చాచి కొస అందుకున్నాడు. తాడు ఒరుసుకుపోయిన అరచెయ్యి చురుక్కుమంది.

అప్పుడు రెండో చేత్తో గౌరయ్య నడుము దగ్గర ముడి వెతికాడు. నానిపోయి బిగుసుకుంది. వంగి పళ్లతో లాగాడు. ఇన్నాళ్లూ కొసను పట్టుకున్న ఆ పళ్లతోనే ముడి విప్పాడు. పగ్గం జారి నేల మీద పడింది. చేతిలో కొసను కూడా దాని మీదే వదిలేశాడు.

“ఇంటికి పో పిలగా.”

గౌరయ్య తెల్లబోయాడు. “ఎవలి హుకుం మామా?”

“ఊళ్లె పటేలు లేడు. మేడ్చల్ల తహసీల్దారు లేడు. పట్నంల మంత్రులు లేరు. నేనున్న గద, నాదే.” ఒరుసుకుపోయిన అరచెయ్యి చాపి చూపించాడు. “పట్టుకొని పట్టుకొని అలసిన బిడ్డా. నిన్న ఇడువుమన్నా నా చేతులు జల్ది ఇడువలె. నిన్ను సంపేటోన్ని. ఇగ నాతోని గాదు.”

“దొర వచ్చి నన్ను అడిగితే?”

“నేనే ఇడిసిపెట్టిన అని జెప్త. మడి తీస్కుంటడు. తీస్కోని.”

గౌరయ్య అతని కాళ్లకు మొక్కబోయాడు, మొగులయ్య పడనివ్వలేదు. బుట్ట అక్కడే వదిలి, వెనక్కి చూస్తూ చూస్తూ పోయాడు. మలుపు తిరిగాక మాత్రం పరుగెత్తుతున్న చప్పుడు వినిపించింది.

ఐలమ్మ బయటికి వచ్చింది. మొగుడి అరచెయ్యి తిప్పి చూసింది. నేల మీద పడి ఉన్న పగ్గాన్ని, చేంతాడును కలిపి చుట్ట చుట్టింది. “బావికాడ నిన్నట్నుంచి తాడు లేదు, ఇంట్ల సుక్క నీళ్లు లేవు,” అంది. మూడు తరాలు నేలకు తాకనివ్వని సర్కారు పగ్గాన్ని భుజాన వేసుకుని, కడవ చంకన పెట్టుకుని బావికి పోయింది. మొగులయ్య వద్దనలేదు.

కాసేపు అరుగు మీద కూర్చున్నాడు. చీకటి పడుతోంది. మోకాలు సలుపుతోంది, నిద్ర ముంచుకొస్తోంది. దీపం సంగతి గుర్తొచ్చింది. చావడి ముందు గుంతల దారి, వానాకాలం. అటు నడిచే మనుషులు ఉండనే ఉన్నారు. మొగులయ్య గోడ పట్టుకుని లేచి, నూనెబుడ్డి తీసుకుని చావడి వైపు కుంటుకుంటూ నడిచాడు.